మరియమ్మ మగ్గం మీది లైటు

కొన్నేళ్ల కిందట, వానాకాలం మొదట్లో భద్రాచలంలోని ఒక మూడంతస్తుల బట్టల షోరూముకు ఆటోమేటిక్ లైట్లు పెట్టే పని మీద నన్ను వేశారు. హోదా సైట్ ఇంజనీరు, సొంతూరు కారేపల్లి. ఇప్పుడు సైట్లకు పోను. హైదరాబాదులో తెర మీద లైట్ల ప్లాన్లు గీస్తాను. ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానని ఇంట్లో ఎగతాళి చేస్తారు.

పని మూడు రకాలు. కిటికీల పక్క లైట్లు పగటి వెలుతురును బట్టి తగ్గాలి. మెట్ల మీద, గోదాంలో మనిషి వస్తేనే వెలగాలి. పై అంతస్తులో ఆడవాళ్లు మగ్గం వర్క్ చేసే హాల్లో, మనిషి లేని పది నిమిషాలకు ఆరిపోవాలి. ప్రతి మగ్గం పైన సీలింగుకు ఒక సెన్సరు. ఒంటి వేడి కదిలితే దానికి తెలుస్తుంది. బిగించాక కింద అటూ ఇటూ నడిచి చూడటం మా పద్ధతి. నడిచాను, వెలిగాయి, జాబితాలో టిక్కు పెట్టాను.

నెల తర్వాత వెళ్తే, ఏ మగ్గం దగ్గర ఎంతసేపు మనిషి ఉన్నదీ సెన్సర్లు నమోదు చేసిన రిపోర్టు ఓనరు చూపించాడు. మూడో మగ్గం మధ్యాహ్నాలన్నీ 'ఖాళీ'.

"మీ మిషను మంచిగ పట్టిచ్చింది సారూ. మరియమ్మ పని చేస్తలేదు. సోమవారం నుంచి రావొద్దని చెప్పిన."

మరియమ్మ దమ్మపేట మనిషి. ఆ హాల్లో అందరికన్నా సన్నటి పని ఆమెదే, ఇల్లు గడిచేది ఆ సూది మీదే. పైకి వెళ్లేసరికి మగ్గాన్ని కిటికీ వైపు తిప్పుకొని పూసలు కుడుతోంది. పైన లైటు లేదు. మబ్బు పట్టిందేమో, ముఖం గుడ్డకు ఆనించినంత పని చేసింది. ఏమైందని అడిగాను.

"ఏంది సారూ, మీ డబ్బాకు నేను మనిషి లెక్క కనవడ్తలేనా? ఆరినప్పుడల్లా చెయ్యెత్తిన. ఆదివారం చర్చిల గూడ గన్నిసార్లు ఎత్తలే. ఇగ యాష్టకొచ్చి గిట్ల కిటికీ దిక్కు తిరిగిన."

హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మిగతావాళ్లు ముచ్చట్లలో కదులుతుంటారు. ఆమెకు కదిలేవి రెండు వేళ్లే. అంత ఎత్తులోని సెన్సరుకు అవి అందవు. నేను నడిచి చూశానే గానీ కూర్చొని చూడలేదు.

ఓనరును పైకి పిలిచి, నాలుగో మగ్గం ముందు కదలకుండా కూర్చోమన్నాను. పది నిమిషాలకు ఆయన మీది లైటూ ఆరింది.

"సేటూ, నువ్వు గూడ పని చేస్తలేవు," అంది మరియమ్మ, సూది ఆపకుండా.

తప్పు నాదని రిపోర్టు మీద రాసి సంతకం చేశాను: ఇది కదలికల లెక్క, పని లెక్క కాదు. ఆ హాల్లో పాతవి తీసి చిన్న కదలికను కూడా పట్టే సెన్సర్లు బిగించి, వ్యవధి అరగంట చేసి, ప్రతి మగ్గానికీ చేతి స్విచ్చి పెట్టాం. సోమవారం ఆమె వచ్చింది. వచ్చిందో లేదో చూడటానికే నేనూ వెళ్లాను.

గుడ్డను గుచ్చే సూదుల చప్పుడు, కిటికీలోంచి వచ్చే గోదావరి తడిగాలి, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తున్నాయి. ప్లాను గీస్తూ కదలకపోతే మా ఆఫీసులోనూ లైటు ఆరిపోతుంది. చెయ్యెత్తుతాను. నవ్వేవాళ్లు లేరు.

జాబితాలో ఆ రోజు చేర్చిన వరుస మాత్రం ఇప్పుడు ప్రతి ప్లాను కిందా రాస్తున్నాను: నడిచి చూశాక, అక్కడ పని చేసే మనిషి పక్కన కూర్చొని చూడాలి.