డిస్కోలో కలిసిన మా అమ్మ శోకం

మొన్న, అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో, కారులోంచి కూరగాయలు దింపుతుంటే మా మనవరాలు ఫోన్‌లో ఒక పాట పెట్టింది. ముందు డ్రమ్ములు, వాటి మీద చప్పట్లు, తర్వాత ఒక ఆడగొంతు "అమ్మా..." అని సాగింది. చేతిలో సంచి కింద పెట్టేసి, అదేమిటని అడిగాను.

"ఓల్డ్ డిస్కో, అమ్మమ్మా! తెలుగు వాయిస్! ఫ్రెండ్ వాళ్ల అక్క సంగీత్‌లో దీనికే డాన్స్ చేస్తున్నాం. ఆంటీలు కూడా స్టెప్స్ నేర్చేసుకున్నారు."

ఆ గొంతు నాది.

డిస్కో రోజుల్లో నేను న్యూజెర్సీలో ఒక తెలుగు డాక్టరుగారింట్లో వంట చేసేదాన్ని. అక్షరం ముక్క రాదు. మా అమ్మ పోయిందని కబురొచ్చింది. వెళ్లే దారి లేదు. మా వైపు తల్లి పోతే కూతురు శోకాలు పెట్టాలి, ఆమె చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుని ఏడవాలి. అలా ఏడ్చేవాళ్లు లేకపోతే ఆమె కూతుర్ని కననట్టే. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే డాక్టరుగారి తమ్ముడు చూశాడు. బేస్‌మెంట్‌లో మిషన్లు పెట్టుకుని పాటలు తయారుచేసే మనిషి.

"టేప్‌లో ఏడువు అక్కా. మీ ఊరికి పంపిస్తా. సంవత్సరీకం నాడు అందరికీ వినిపిస్తారు," అన్నాడు.

దండం పెట్టాను. కింద కార్పెట్ మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని ఏడ్చాను. మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

"ఆ 'అమ్మా' ఇంకోసారి. కొంచెం పొడుగ్గా."

మిషన్‌కి సరిగ్గా అందలేదేమో అనుకున్నాను. ఇంకా పొడుగ్గా ఏడ్చాను.

కొన్ని నెలలకి రికార్డు బయటికొచ్చిందని ఇంట్లో పార్టీ పెట్టారు. సమోసాలు వేయించింది నేనే. పళ్లెం పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగితే రంగు దీపాలు తిరుగుతున్నాయి. సెంటూ చెమటా కలిసిన వాసన. నా ఏడుపుకి నడుములు తిప్పుతున్నారు. రికార్డు అట్ట మీద బొట్టు పెట్టుకున్న ఎవరో తెల్ల పిల్ల. "అమ్మా" వచ్చినప్పుడల్లా అందరూ చేతులెత్తి కేకలు. తెల్లవాళ్ల సంగతి వదిలేస్తాను. మనవాళ్లకి అది ఏ ఏడుపో తెలియదా?

"నీ గొంతుకి అమెరికా ఊగిపోతోందే!" అంది డాక్టరమ్మ, సమోసా నములుతూ.

తమ్ముడి దగ్గరికి వెళ్లాను. "ఊరికి పంపావా బాబూ?"

"అయ్యో, ఆ టేపే కట్ చేసి వాడేశాను అక్కా. ఈ రికార్డు పంపుదాంలే. మీవాళ్లు కూడా డాన్స్ చేస్తారు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పైకి వచ్చి సింకులో వాంతి చేసుకున్నాను.

ఇదంతా కారు పక్కనే నిలబడి చెప్పాను. మనవరాలు పాట ఆపేసి, డాన్స్ వాళ్ల గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది. ఒక ఆంటీ వెంటనే వాయిస్ పంపింది: "అయ్యో పాపం! కానీ బీట్ సూపర్ ఉంది కదరా, మీనింగ్ ఎవరు వింటారు?"

ఛీ. ఇన్నేళ్లకీ అదే బేస్‌మెంట్.

"నేను మాత్రం చెయ్యను," అంది మనవరాలు. ఫోన్ జేబులో పెట్టేసి, "'అమ్మా' తర్వాత ఏముంది అమ్మమ్మా?" అని అడిగింది.

అతను కోసి పారేసింది అదే. ఈ పిల్ల తెలుగు బడి పాఠాలు దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. ఊరికి చేరనిది ఇక్కడైనా రాస్తాను.

అమ్మా, నీ ముద్ద నాకు పెట్టి మంచినీళ్లు తాగి పడుకున్నావమ్మా. నా తలకి నూనె రాసిన చెయ్యి అక్కడ కాలిపోతుంటే, నేనిక్కడ పరాయివాళ్ల పొయ్యి ముందు నిలబడి ఉన్నానమ్మా.