మునివెంకటమ్మ చెల్లెలికి డబుల్ ప్రమోషన్

మునివెంకటమ్మకు ఏ పాఠమూ ఒకసారి చదివితే వచ్చేది కాదు. బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తొలి ఏళ్లవి. కార్మికుల లైన్లలోని ఒంటిగది ఇంట్లో, అమ్మ రాగిముద్ద కెలుకుతుండగా, నాలుగో తరగతి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒకే పేరాను గొంతెత్తి పదేపదే చదివేది. రెండో తరగతి చదివే చెల్లెలు మంగళ పక్కనే పడుకుని వినేది. అక్క పుస్తకాన్ని తను ఎన్నడూ ముట్టలేదు.

ఆ ఏడు బడుల ఇన్‌స్పెక్టరు వచ్చి నాలుగో తరగతిని నదుల గురించి అడిగాడు. ఒకరిద్దరు లేచి తప్పు చెప్పారు. అక్క కోసం వాకిట్లో నిలబడ్డ మంగళ గడగడా చెప్పేసింది. హెడ్మాస్టరు అచ్యుతరావు మురిసిపోయి, గని రాయి దంచే మిల్లులో పనిచేసే తండ్రి నరసింహప్పను పిలిపించాడు.

“ఈ పిల్లను రెండులో ఉంచితే పాపం, నరసింహప్పా. నేరుగా నాలుగులో కూర్చోబెడతాను.”

“పెద్దది ఆడనే ఉండాది గదా సార్?”

“ఉండనీ. చెల్లెల్ని చూసి అదీ నేర్చుకుంటుంది.”

అచ్యుతరావు చెడ్డవాడు కాడు. తెలివి ఒక్కొక్క తలలో విడివిడిగా దాచి ఉంచిన వస్తువని నమ్మాడు; ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు. ఒక పిల్ల నెమ్మదితనమే మరొక పిల్లకు బడి కాగలదన్న ఊహ ఆయనకు రాలేదు. ఆ సంగతి అక్కాచెల్లెళ్లకూ తెలియదు.

తరగతిలో మునివెంకటమ్మ లేచి తడుముకుంటూ చదివేది. పక్కనున్న మంగళ, సాయం చేస్తున్నాననుకుని, వాక్యం పూర్తి చేసేది.

“ఏ మునక్కా, ఇంగ నువ్వే చెల్లెలు, అది అక్క!” అని ఒకరోజు వెనక బెంచీ అరిచింది. పంతులు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో చదువు వినిపించలేదు.

“ఏమ్మా, గొంతు పోయిందా?” అంది తల్లి.

“చదవతానే ఉండాను. మనసులో.”

మనసులో చదివినది ఆమెకు ఎక్కలేదు. ఏడాది చివర పరీక్ష తప్పింది. అంతకుముందు విన్నదాని బలంతో మంగళ గట్టెక్కి అయిదుకు పోయింది. నరసింహప్ప పెద్దకూతుర్ని బడి మాన్పించి, పట్టుపురుగులు మేపడానికి బూదికోటలోని మేనత్త ఇంటికి పంపాడు.

అయిదో తరగతి పాఠాలను మంగళకు వినిపించేవారు లేరు. ఒంటరిగా పుస్తకం ముందు కూర్చోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసిన తరగతులనే దాటించారు.

“సార్, నన్ను కిందికి దించండి సార్,” అని హెడ్మాస్టరును బతిమాలుకుంది. “అక్కను పిలిపించండి. ఇద్దరం నాలుగులోనే కూర్చుంటాం.”

“ఎక్కినదాన్ని దించితే ఊరు నవ్వుతుందమ్మా. సోమరితనం మానుకో.”

ఆ ఏడు మంగళ తప్పింది.

వేసవిలో ఆమె అయిదో తరగతి పుస్తకం పట్టుకుని బూదికోటకు వెళ్లింది. అక్క తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తున్నది.

“అక్కా, ఒక్కసారి చదువు. నేను వింటాను.”

మునివెంకటమ్మ చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచింది. మొదటి మాట దగ్గరే ఆగింది. మళ్లీ ప్రయత్నించింది.

“ఇది నాకు చెప్పిన చదువు గాదు మంగళా,” అని మూసి, తిరిగి ఇచ్చేసింది. “పురుగులు ఆకలిగా ఉండాయి. నువ్వూ రెండు తట్టలు పరుచు.”

మంగళ పరిచింది. బడి తెరిచాక ఆమెను కూడా ఎవరూ పంపలేదు.