మిరపకాయ తగలని చేతులు

మా చిన్నప్పుడు... మిరపకాయ కోతలు మొదలయ్యాయంటే మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ కుట్టుపని ముట్టుకునేవాళ్ళు కాదు. కాయ కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట ఓ పట్టాన వదలదు. ఆ చేత్తో గుడ్డ పట్టుకుంటే ఘాటు గుడ్డకీ అంటుతుంది. ఇక పసిబిడ్డ బొంతంటే చెప్పాలా...

ఆ ఏడు సరిగ్గా కోతలప్పుడే మా అత్త, అంటే నాన్న చెల్లెలు, తొలి కాన్పుకి వచ్చింది. పాత చీరలూ లుంగీలూ ముక్కలు కోసి నాయనమ్మ బొంత మొదలుపెట్టింది. సగమైనా కాకముందే కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వెళ్ళాల్సి వచ్చింది. అమ్మానాన్నలు చేలో. బిడ్డకు కావలసినవి తల్లే ముందుగా కుట్టుకోకూడదని నాయనమ్మ పట్టింపు. కాబట్టి అత్తకీ వీల్లేదు.

మిగిలింది మా తాత. మిరప దుమ్ముకి ఆయాసం ఎక్కువవుతోందని డాక్టరు కల్లం వైపు వెళ్ళొద్దన్నాడు. ఊహ తెలిశాక కోతలప్పుడు ఖాళీగా కూర్చోవడం ఆయనకి అదే మొదలు. ఉత్తపుణ్యానికి తిని కూర్చుంటున్నానని అందరి మీదా విసుక్కునేవాడు. ఆ నస భరించలేక నాయనమ్మ బొంత పని ఆయనకి అప్పగించింది.

తాతకి వచ్చిన కుట్టు ఒక్కటే... టిక్కీ మూతి కుట్టడం. మా వైపు మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. బారెడు కుట్లు వేసి, ఒక్క పూటలో ఓ వైపంతా అవగొట్టి, సాయంత్రం గొప్పగా పరిచి చూపించాడు. నాయనమ్మ ముట్టుకోకుండా దూరం నుంచే చూసింది.

"ఇది టిక్కీ కాదయ్యా. ఇంతేసి కుట్లల్లో బిడ్డ కాలివేళ్ళు ఇరుక్కుంటే?"

తాత మర్నాడు కూర్చుని అన్నీ విప్పేశాడు. బడి నుంచి రాగానే సూదిలో దారం ఎక్కించడం నా పని. కుట్టు కుట్టుకీ గోరు దూర్చి చూసుకునేవాడు... కానీ తోటి రైతులెవరైనా వస్తున్నారంటే చాలు, బొంత దుప్పటి కిందకి పోయేది. వాళ్ళు కబుర్లు చెప్పినంతసేపూ పని ఆగిపోయేది. అత్తకేమో నెలలు నిండుతున్నాయి. ఎంతవరకు వచ్చిందని నాయనమ్మ రోజూ అడిగేది. ఆయన జానతో కొలిచి చూపించేవాడు, కాస్త సిగ్గుపడుతూనే.

అత్తని పురిటికి ఆసుపత్రిలో చేర్చిన రోజు చివరి అంచు కుడుతున్నాడు. బిడ్డ ఇంటికొచ్చేసరికి బొంత ఉతికి, ఎండబెట్టి సిద్ధంగా ఉంది.

ఉయ్యాలలో వేసిన రోజు ఇంటినిండా చుట్టాలు, తాత స్నేహితులు. అత్తవాళ్ళ అత్తగారు బొంత తిరగేసి చూసి, కుట్టు భలే సన్నగా ఉంది వదినగారూ, ఎవరు కుట్టారని నాయనమ్మని అడిగింది. నాయనమ్మ తాత వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎవరికి కనపడకుండా దాచాడో వాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"నేనే కుట్టానమ్మా," అన్నాడు తాత. "ఈ ఏడు నా పని అదే."

ఒకరిద్దరు నవ్వారు. తాత పట్టించుకోలేదు. నాకైతే ఆయన్ని చూసి బోలెడు గర్వం. మర్నాటి నుంచి ఇంకో బొంత మొదలుపెట్టాడు, ఈసారి వీధి అరుగు మీదే.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లలు పుడితే దోమతెరతో సహా బుల్లి పరుపు కొనుక్కొస్తున్నాం. మెత్తగానే ఉంటుంది, వంక పెట్టడానికి లేదు... ఎవరు కుట్టారని మాత్రం ఎవరూ అడగరు.

మీరు పడుకున్న బొంత ఎవరు కుట్టారో గుర్తుంటే, ఆ మనిషి గురించి ఇక్కడ నాలుగు ముక్కలు రాయండి...