మేస్త్రీ గారి మెడలో చక్ కీ

ఈ ఉదయం మా షాపులో మూలన పడి ఉన్న పాత లేత్ మిషనును తుక్కు కింద లారీ ఎక్కించారు. దాని చక్ కీ మాత్రం బల్ల కింద మిగిలిపోతే, కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది గేటు తాళమా?" అని అడిగాడు. నాకింకా ముప్పై నాలుగే. ఆ ఒక్క ప్రశ్నతో యాభై దాటినట్టనిపించింది. చేత్తో నడిపే లేతుల మీద పని నేర్చుకున్న నా ఈడు వాళ్ళకైతే ఈ నీరసం చెప్పకుండానే అర్థమవుతుంది. మిగతావాళ్ళు ఈలోగా ఓ టీ తాగి రావచ్చు.

ఇంటర్ తప్పి చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే, మా మేనమామ నన్ను బెజవాడ ఆటోనగర్‌లో ఈ షాపుకు తెచ్చి వదిలాడు. చేతిలో పనుంటే రాజాలా బతకొచ్చని బస్సులో దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. నా రాజ్యాభిషేకానికి ఇచ్చింది చీపురు. లేతుల కింద రాలిన ఇనుప రజను ఊడ్చడం, టీలు తేవడం, తర్వాత ఆకురాయి పట్టి చేతులు బొబ్బలెక్కేదాకా అరగదీయడం, ఇదీ అప్పట్లో ఉద్యోగోన్నతి. మా అమ్మ బెంగ చూడలేక ఊళ్ళో పాస్టరు గారు ప్రతి ఆదివారం సంఘమంతటి ఎదుటా, ఈ బిడ్డకు మిషను దయచేయుము ప్రభువా అని ప్రార్థించేవారు. ఏ మిషనో వివరంగా చెప్పకపోవడం వల్ల కాబోలు, ముందు డ్రిల్లింగ్ మిషను వచ్చింది. లేత్ మీద పని చేస్తేనే టర్నరు. టర్నరైతేనే జీతమూ, ఇంటి దగ్గర మాటకు విలువా. ఉన్న ఒక్క పెద్ద లేతూ, ఈ ఉదయం లారీ ఎక్కిందే, మా పెద్ద టర్నరు మేస్త్రీ గారిది. ఆయన దిగితే తప్ప నేను ఎక్కేది లేదు, ఆయన చూస్తే ఇనుము కంటే గట్టిగా ఉన్నారు.

చక్కు అంటే ఇనుప కడ్డీని పట్టుకుని గిర్రున తిరిగే పిడికిలి. దాన్ని బిగించేది ఆ కీ. బిగించాక కీ తీయడం మరిచి స్విచ్చి వేస్తే, అది తూటాలా ఎగిరి ఎదుటివాడి పళ్ళో కన్నో పట్టుకుపోతుంది. అందుకే మేస్త్రీ గారు ఒక ఆచారం పెట్టారు. కీ చక్కులో మరిచినవాడు ఎవడైనా సరే, దాన్ని తాడుతో మెడలో వేసుకుని ఆ రోజంతా ఊడ్చాలి. ఆకురాయి రోజుల్లోనే చిన్న మిషను మీద చెయ్యి పెట్టబోయి నేనూ ఆ పతకం అందుకున్నాను. టీ కొట్టు దాకా వేసుకుని వెళితే, కొట్టు బాబాయి పెళ్ళెప్పుడని అడిగాడు.

ఉయ్యూరు వైపు చెరకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, బెల్లం గానుగ రోలరు ఒకటి అర్జంటుగా వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రీ గారు దాన్ని చక్కులో బిగించి, కళ్ళజోడు తుడుచుకుని, స్విచ్చి మీదకు చెయ్యి చాచారు. కీ చక్కులోనే ఉంది. ఎదురుగా ఉన్నది నేను. గురుభక్తో పళ్ళ మీద మమకారమో ఇప్పటికీ తేల్చుకోలేదుగానీ, ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. మా షాపులో మేస్త్రీ గారి చెయ్యి పట్టుకున్నవాడు అంతకు ముందు లేడు.

ఆయన కీ బయటికి లాగి, "తాడేదిరా?" అన్నారు.

"ఎవరూ చూళ్ళేదండి."

"నువ్వు చూశావుగా."

తాడు నేనే తెచ్చాను. ఆయనే మెడలో వేసుకుని, నా చీపురు తీసుకుని, నేను రోజూ వదిలేసే మూలల నుంచి మొదలుపెట్టి ఊడ్చారు. ఓనరు గారు లోపలికొచ్చి ఆ దృశ్యం చూసి, చేతిలో టీ అలాగే పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఇలాంటప్పుడు వెనక సంగీతం రావాలంటారు. మాకు పక్క షాపు కంప్రెసరు మోగింది.

"చూస్తావేంట్రా, సాయంత్రానికి ఉయ్యూరోళ్ళు వచ్చేస్తారు. మిషనెక్కు."

అలా నేను టర్నరునయ్యాను. రోలరు బాగానే వచ్చింది, నా చొక్కానే చెమటకు పాడైంది. మర్నాడు మిషను తుడిచి ఆయన కోసం సిద్ధం చేసి పెడితే, ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. కళ్ళు చూపించుకోమని నసిగాను. "కళ్ళు బానే ఉన్నాయిరా. చెయ్యి మర్చిపోయింది," అన్నారు. ఆ మాట తర్వాత ఆయన మళ్ళీ ఆ స్విచ్చి ముట్టుకోలేదు. అమ్మ మాత్రం ప్రార్థన ఫలించిందని చర్చిలో కృతజ్ఞత చెల్లించుకుంది. దేవుడు ఏ దారిన పంపాడో ఆవిడకు చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేనున్నది కంప్యూటర్ మిషను మీద. కాలితో పెడలు నొక్కితే చక్కు బిగుసుకుంటుంది, తలుపు మూస్తే తప్ప తిరగదు, అద్దం ఇవతల నిలబడి నడుము నొప్పితో అంకెలు చూడడమే నా హస్తకళ. డిప్లొమా కుర్రాడు చేరిన రోజే మిషనెక్కాడు, చీపురు ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు. అందుకు నాకు ఈర్ష్యేమీ లేదు, ఊడ్చడంలో అంత గొప్పేమీ లేదు. మొన్న నేను తలుపు మూయడం మరిచి బటన్ నొక్కాను. మిషను ఎర్ర లైటు వెలిగించి, మర్యాదగా ఊరుకుంది. నిన్న మళ్ళీ మరిచాను, మళ్ళీ ఊరుకుంది. ఎన్నిసార్లు మరిచినా అది ఇలాగే ఊరుకుంటుంది కాబోలు. చెయ్యి పట్టుకునే పని ఎవరికీ లేదు.

చక్ కీ తెచ్చి నా మిషను పక్కన మేకుకు తగిలించాను. కుర్రాడు గేటు తాళం ఇక్కడెందుకన్నా అన్నాడు. అంతా చెబుదామనుకున్నానుగానీ, చెబితే తాడు తెస్తాడేమోనని ఊరుకున్నాను.