తడి గోనెపట్టాలు కప్పిన డబ్బా

మా ముత్తాత మార్కాపురంలో పలకల గనులు తవ్వించినవాడు. మా తాత కాలంలో గనుల హద్దు తగాదా ఏదొచ్చినా మా వసారాలోనే తీర్పు. ఆయన నిలబడి ఉండగా ఎదుట కూర్చున్నవాళ్లు లేరు. పిల్లలు పలకలు వదిలి నోటుపుస్తకాలు పట్టాక గనులు ఒక్కొక్కటే చేజారాయి. నాయన వంతుకు మిగిలింది ఒక రాళ్ల దొడ్డి, అందులో పలకలు కోసే రేకుల షెడ్డు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఆ దొడ్డి మూల సెల్ టవర్ లేచింది. దాని అద్దె వల్లే షెడ్డు మూతపడకుండా ఉండేది. కరెంటు పోయినప్పుడు టవర్ నడవడానికి డీజిల్ జనరేటర్ బదులు, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే డబ్బా ఒకటి తెచ్చిపెట్టారు. బిగించిన ఇంజనీరు, "లోపల పల్చటి పొర ఉంటది సార్. అది తడిగా ఉంటేనే కరెంటు. ఎండిందా, పని అయిపోయినట్టే" అన్నాడు నాయనతో. అంతే చెప్పాడు.

ఎండలు ముదిరాక డబ్బా మాటిమాటికీ ఆగేది. పొర ఆరిపోతోందని ఫోన్లో చెప్పిందీ అతనే. నాయనకు తెలిసిన పొరలు పలకరాయివి. గని నుంచి తెచ్చిన రాయి ఆరితే, ఉలి పెట్టినా పొరలుగా విడిపోదు. అందుకే చీల్చేదాకా తడి గోనెపట్టాలు కప్పి ఉంచుతాం. ట్యాంకరు వస్తేనే నీళ్లున్న ఆ రోజుల్లో, నాయన తానే బిందె మోసి, డబ్బాకూ పట్టాలు చుట్టి తడిపాడు.

డబ్బా పూర్తిగా ఆగిపోయింది. ఇంజనీరు వచ్చి చూసి, పనివాళ్లందరి ముందూ నవ్వాడు.

"ఏంది పెద్దాయనా, దీనికి జ్వరమొచ్చిందా, తడిగుడ్డ వేసినావు?"

మొదటిరోజు సార్ అన్న నోరే అది. మిగతా సగం అప్పుడు చెప్పాడు. ఆ డబ్బా కరెంటుతో పాటు నీళ్లూ పుట్టిస్తుందట. అవి గాలితో బయటికి పోవాలట. పట్టాలు గాలి దారులు మూసేసరికి పొర నీళ్లలో మునిగిందట.

"ఆ మాట మొదట్నే చెప్పడానికి నోరు రాలేదా?" అన్నాడు నాయన.

"నీకు చెప్తే అర్థమవుతదా? తప్పు నీదేనని మా పైసారు ముందు ఒప్పుకో, టవర్ ఉంటది. లేకుంటే పక్క దొడ్డికి పోతది."

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం చెప్పి పోయినవాడిది తప్పు కాదట, విన్నదాన్ని శ్రద్ధగా పాటించినవాడిది తప్పట!

"ఎత్తుకుపో అబ్బయ్యా" అన్నాడు నాయన. "నీ తప్పు మొయ్యడానికి నేను నీ కూలోణ్ణి కాదు."

పక్కనే ఉన్నాను. ఆపలేదు. నేనైనా అదే అనేవాణ్ణి.

టవర్ పక్క దొడ్డికి పోయింది. మరుసటి ఎండాకాలానికి దొడ్డి, షెడ్డు, రాళ్లు నానబెట్టే సిమెంటు తొట్టి అన్నీ కలిపి అమ్మాం. కొన్నది ఆ పక్క దొడ్డివాళ్లే.