మా వదిన ఎగరెయ్యనన్న రోజు

విస్సన్నపేటలో బస్సు దిగుతుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన ప్రభువు దగ్గరికెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. బస్టాండు బయట షేర్ ఆటోల వాళ్ళు తిరువూరు, తిరువూరు అని కేకలు పెడుతున్నారు. ఆ కేకలు అన్నయ్యకీ వినబడుతూనే ఉండి ఉంటాయి. చివరికి తనే "జాగ్రత్తగా రా" అన్నాడు. కొన్ని నెలలుగా ఆవిడ జబ్బు ముదురుతూనే ఉంది. వస్తుందని తెలిసిన కబురే. అయినా ఆటోలో కూర్చున్నాక ఎక్కడ దిగాలని డ్రైవరు అడిగితే ఊరి పేరు చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మా వదిన వినగడప వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ చుట్టుపక్కల ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకోని ఇల్లు తక్కువ. కానీ తిరువూరులో ఆవిడని గుర్తుపట్టేది మాత్రం "హెలికాప్టర్ మేడం" అనే. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఏడుపుకంటే గర్వమే ఎక్కువ పొంగుతోంది నాలో. మీరేమీ అనుకోకండి.

ఒకసారి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినప్పుడు, విజయవాడ దాటాక ఒక ఖాళీ స్థలంలో కొందరు మోడల్ హెలికాప్టర్లు ఎగరేస్తుంటే చూసిందట. పిల్లలు చూసి బస్సెక్కారు. ఈవిడ ఎక్కలేదు. ఎగరేస్తున్నాయన దగ్గరికి వెళ్ళి, "ఇది గాలికి పడిపోకుండా ఎలా నిలబడుతోందండీ?" అని అడిగింది. ఆయన చెప్పింది సగమే అర్థమైంది. మిగతా సగం కోసం ఫోన్ నంబరు తీసుకుంది. ఇంటికొచ్చాక నెలల తరబడి కంప్యూటర్‌లో బొమ్మ హెలికాప్టర్‌ని ఎగరేసి, కూలగొట్టి, మళ్ళీ ఎగరేసింది. అప్పటికి నలభై దాటిన మనిషి. చివరికి ఆయన దగ్గరే ఒక పాతది కొనుక్కుని, రెండు చేతులా పొదివి పట్టుకుని ఇంటికి తెచ్చింది.

"ఇదేంటే, అన్నం తినే బల్లమీద ఈ ఇనప సామానేంటి?" అంది మా అమ్మ.

"ఒక్క గంట అత్తయ్యా, తీసేస్తాను" అంది వదిన. ఆ గంట ఆ తర్వాత కొన్నేళ్ళు సాగింది.

తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. పాతకాలం మోడల్ హెలికాప్టర్లకి పెద్ద రెక్కల మీద అడ్డంగా ఇంకో కడ్డీ ఉండేది, దాని చివర్ల చిన్న తెడ్లు. గాలి అటూ ఇటూ తోసినా హెలికాప్టర్ తొణక్కుండా చూడటం ఆ కడ్డీ పని. ఇప్పటివాటికి ఆ కడ్డీ లేదు. దాని బదులు అగ్గిపెట్టంత పెట్టె ఒకటి లోపల కూర్చుంటుంది. దాన్నే ఫ్లైబార్‌లెస్ కంట్రోలర్ అంటారు. హెలికాప్టర్ ఎటు ఒరుగుతోందో అది కనిపెట్టి, రెక్కల కోణాన్ని క్షణంలో సరిచేస్తుంది. అయితే తనని ఏ దిక్కుగా అంటించారో, ఏ మోటారు ఎటు తిరగాలో ముందుగా మనమే దానికి చెప్పాలి.

"ఈ పెట్టెకి సొంత తెలివి లేదమ్మాయ్, ఉన్నదంతా నమ్మకమే" అనేది వదిన. "మనం తప్పు చెప్తే ఆ తప్పునే ఎంతో నమ్మకంగా చేసి పెడుతుంది."

ఆ అమ్మాయిని నేనే. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టుకునేది. "మెయిన్ మోటారు తీగలు ఊడదీశానా? నువ్వు చూసి చెప్పు" అనడంతో పని మొదలయ్యేది. తను చూసుకున్నా సరే, ఇంకొకరు చూడాల్సిందే. బల్లమీద రెక్కలు తిరిగితే చేతివేళ్ళు మిగలవని ఆవిడ భయం. తర్వాత రెక్కల కింద ఉండే గుండ్రటి పళ్ళాన్ని, స్వాష్‌ప్లేట్ అంటారు దాన్ని, అన్ని వైపులా సమంగా ఉండేలా సర్దేది. రిమోట్ మీద వేలితో కదిపే చిన్న కర్ర మధ్యలో ఉన్నప్పుడు రెక్కల కోణం సున్నా ఉండాలి. చిన్న కొలబద్ద పెట్టి చూసేది. రవ్వంత తేడా ఉన్నా ఊరుకునేది కాదు. "సున్నా సరిగ్గా లేకపోతే ఆ పైన వేసిన లెక్కంతా దండగే" అనేది, బడిలో పిల్లలతో అన్నట్టే.

పెట్టెకి కరెంటు ఇచ్చిన మొదటి కొన్ని క్షణాలు హెలికాప్టర్‌ని ఎవరూ కదపకూడదు. నిశ్చలమంటే ఏమిటో అది అప్పుడే తెలుసుకుంటుంది. ఒకసారి మా అమ్మ సరిగ్గా అదే సమయంలో బల్ల తుడవబోయింది.

"అత్తయ్యా, ముట్టుకోకండి! అది కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోందనుకోండి."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పెట్టెమీది చిన్న దీపం మిణుకుమన్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళ నోరు మూయించేది అమ్మే. "ఉష్! అది ప్రార్థనలో ఉంది."

అయినా అమ్మకి మనసులో నొప్పి ఉండేది. కోడలు పొలాల్లో నిలబడి బొమ్మలు ఎగరేస్తుంటే చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళు ఏదో ఒకటి అడిగేవాళ్ళు. అమ్మ పాటల పుస్తకం తిరగేసేది.

ఇక ఆ రోజు సంగతి. తిరువూరులో ఒక స్కూలు వాళ్ళు సైన్సు ప్రదర్శన పెట్టారు. చుట్టుపక్కల బడుల పిల్లలంతా వస్తున్నారు, చివర్లో మా వదిన హెలికాప్టర్ ఎగరెయ్యాలి. నిర్వాహకుడొకాయన ముందే ఇంటికొచ్చి, "మేడం, ముఖ్య అతిథి గారి మీద పైనుంచి పూలు కురిపిస్తే అదిరిపోతుందండి" అన్నాడు.

"మనుషుల మీదుగా ఎగరెయ్యనండి. పూలు కావాలంటే చేత్తో చల్లండి" అంది వదిన. కాఫీ మాత్రం ఇచ్చి పంపింది.

ముందురోజు సాయంత్రం పెట్టెని పైనుంచి తీసి కింది భాగంలో తలకిందులుగా అంటించింది. ఎండకి పాత టేపు మెత్తబడి పట్టు వదులుతోందని. తను తిరగబడి ఉన్నట్టు పెట్టెకి ల్యాప్‌టాప్‌లోంచి చెప్పాలి కదా, ఆ పని చేస్తుండగా కరెంటు పోయింది. మా ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది. వైరు ఉంటేనే పనిచేస్తుంది. కరెంటు వచ్చేసరికి బంధువులొచ్చారు, వంట పని మీద పడింది. ఆ సెట్టింగు సేవ్ అయిందనే ఆవిడ అనుకుంది.

మర్నాడు గ్రౌండు నిండిపోయింది. షామియానా కింద పెద్దలు, ముందు నేలమీద పిల్లలు. అమ్మని నేనే బతిమాలి తీసుకొచ్చాను. రెండో వరసలో కుర్చీ వేయించాను. మైకులో ఆయన, "ఇప్పుడు మన ఆడపడుచు ఆకాశాన్ని లొంగదీయబోతున్నారు" అని ఊదరగొడుతున్నాడు.

వదిన హెలికాప్టర్‌ని దూరంగా పెట్టి, పిల్లల్ని ఇంకా వెనక్కి జరిపించింది. ముందు రిమోట్, తర్వాత హెలికాప్టర్ ఆన్ చేసింది. మోటారు ఆగి ఉండే స్విచ్చి వేసి ఉంచింది. పెట్టె సిద్ధమయ్యాక హెలికాప్టర్‌ని రెండు చేతులా ఎత్తి, నమస్కారం పెట్టిస్తున్నట్టు ముక్కు కిందికి వంచింది. అలా వంచితే రెక్కల కింది పళ్ళెం వెనక్కి వాలాలి, పడిపోతున్న మనిషి వెనక్కి తగ్గినట్టు. అది కూడా ముందుకే వాలింది. వదిన మళ్ళీ వంచింది. మళ్ళీ ముందుకే. ఆ స్థితిలో ఎగరేస్తే లేచీ లేవగానే తలకిందులై, కత్తుల్లాంటి రెక్కలు ఎటు పోయేవో ఎవరూ చెప్పలేరు.

ఆవిడ బ్యాటరీ ఊడదీసి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"ఏంటి మేడం? మొదలెట్టండి" అన్నాడు నిర్వాహకుడు.

"ఈరోజు ఎగరదండి. పెట్టె సెట్టింగు తప్పుంది."

"ఒక్క నిమిషం అలా లేపి దించెయ్యండి మేడం. ఎవరికి తెలుస్తుంది?"

"దానికి తెలుస్తుందండి" అంది వదిన. ఆయన చేతిలోని మైకు తనే తీసుకుంది. "పిల్లలూ, నిన్న నేనొక తప్పు చేశాను. అదిప్పుడు దొరికింది. ఇక్కడ కూర్చుని సరిచెయ్యగలను గానీ, కంగారులో సరిచేసినదాన్ని మీ ముందు ఎగరెయ్యను. అందుకని ఇవాళ ఎగరెయ్యట్లేదు."

తర్వాత వెనకనుంచి ఈలలు, నవ్వులు. "ఆడోళ్ళకెందుకండీ ఇయ్యన్నీ!" అని ఎవరో గట్టిగానే అన్నారు. అమ్మని తీసుకొచ్చి తప్పు చేశాననుకుంటూ పక్కకి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

అమ్మ నిలబడి ఉంది. వెనక్కి తిరిగి, చర్చిలో పాట ఎత్తుకునే గొంతుతో అంది:

"ఎవరయ్యా నవ్వేది? ముందు కూర్చుంది మీ పిల్లలే కదా! మా కోడలు తన పరువు పోయినా పర్లేదనుకుంది, మీ పిల్లలకి గోరంత దెబ్బ తగలకూడదనుకుంది. నవ్వుతారేం?"

ఇంక ఎవరూ నవ్వలేదు. ఈలోగా వదిన కింద కూర్చుని హెలికాప్టర్ రెక్కలు ఊడదీసి పక్కన పెట్టేసింది. మోటారు తీగలు విప్పి నాకు చూపించింది. నేను తలూపాక బ్యాటరీ పెట్టి పిల్లల్ని దగ్గరికి పిలిచింది. "మనం ఎటు వంచితే పళ్ళెం దానికి ఎదురువైపు వాలాలి, ఇందులో తప్పెక్కడుందో మీరే కనుక్కోండి" అని ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. పిల్లలు దాన్ని ముందుకి వంచారు, పక్కకి వంచారు, తోక తిప్పారు. "మేడం, ముందుకి వంచితే ముందుకే పోతోంది!" అని ఒక పాప అరిచింది. "పక్కకి వంచితే మాత్రం కరెక్టే మేడం! తోక మళ్ళీ రాంగు!" అని ఇంకొకరు. అయితే పెట్టె ఎలా అంటించి ఉండాలని వదిన అడిగింది. కాసేపు తలలు గోక్కున్నాక, "తిరగేసి ఉందా మేడం?" అన్నారు. పెద్దవాళ్ళు కూడా కుర్చీలొదిలి వచ్చి మూగారు. ముఖ్య అతిథి గారైతే ఉపన్యాసం మరిచిపోయి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎగరేసి ఉంటే చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఆరోజు పొద్దువాలినా ఎవరూ కదల్లేదు. హెలికాప్టర్ మేడం అన్న పేరు ఆరోజు ఆ పిల్లలు పెట్టిందే.

తర్వాతి ఆదివారం పెనుగొలను దగ్గర, పత్తి పీకేసిన చేలో ఎగరేసింది. చూడటానికి ఎంతమంది వచ్చారో! అమ్మ అందరికంటే ముందు నిలబడి, "ఆ గీత దాటకండి, మా కోడలు ఒప్పుకోదు" అని జనాన్ని అదిలించింది. చర్చిలో ఎవరైనా అడిగితే ఇక పాటల పుస్తకం తిరగెయ్యలేదు. అగ్గిపెట్టంత పెట్టె గురించి అడగనివాళ్ళకి కూడా చెప్పేది.

సమాధి కార్యక్రమానికి విజయవాడ నుంచి ఆ హెలికాప్టర్ల వాళ్ళు వచ్చారు. ఎగరేసే ముందు వంచి చూసే ఆ పరీక్షని వాళ్ళిప్పుడు "టీచరమ్మ నమస్కారం" అంటారట. కొత్తగా నేర్చుకునేవాళ్ళని "నమస్కారం అయిందా?" అని అడుగుతారట. వాళ్ళది చెప్తుంటే అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. అమ్మ మాత్రం తలెత్తి, "అవును, అది మా కోడలు పెట్టిన అలవాటే" అంది.

కిందటి చలికాలంలో వదినతో చివరిసారి చేలోకి వెళ్ళాం. మందుల వల్ల చాలా నీరసించింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే అన్నీ పరీక్షించింది. తర్వాత తన రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ళవైపు చాలాసేపు చూసింది. సన్నగా వణుకుతున్నాయి.

"పెట్టె బానే ఉందమ్మాయ్. చేతులే బాలేవు. నువ్వు ఎగరెయ్యి" అని రిమోట్ నా చేతికిచ్చింది.

ఆవిడ నేర్పిందే అయినా, ఆవిడ పక్కన లేకుండా నేనెప్పుడూ లేపలేదు. అమ్మా, తనూ నా వెనక ఉన్నారు. హెలికాప్టర్ లేచింది. ఎదురుగాలి బాగానే ఉంది, పక్క తోటలోంచి మామిడి పూత వాసన వస్తోంది. నా కంటి ఎత్తుకి తెచ్చి నిలిపాను. గాలి తోస్తూనే ఉంది, అది ఒరగబోయి సర్దుకుంటూ, ఒరగబోయి సర్దుకుంటూ అక్కడే నిలబడింది. దూరంగా మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి, ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. వెనక్కి తిరగాలని ఉంది, తిరగకూడదు. కళ్ళు దానిమీదే ఉంచాను. నా వెనక అమ్మేదో అంది, వదిన నవ్వింది. ఏమందో వినబడలేదు. నవ్వు మాత్రం వినబడింది.