మంచులో మూడు దెబ్బలు

దయ్యాలను నమ్మనని చెప్పి దయ్యం కథ మొదలుపెట్టేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను. కాకపోతే నా సంగతి కొంచెం వేరు. నేను దయ్యాలనే కాదు, మనుషులనూ నమ్మను. కొట్లో సరుకు తూస్తున్నంతసేపూ కాటా మీంచి చూపు తిప్పను. ఒక డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరుకు చూపించిగానీ మింగను. "అనుమానం పెనుభూతం అంటారు గదా, ఆ భూతం మా ఇంట్లోనే అన్నం తింటోందండీ" అని మా ఆవిడ పద్మ చుట్టాలందరి ముందూ అంటూ ఉంటుంది. అలాంటివాణ్ణి జీవితంలో ఒక్కసారి, ఒక పొద్దుటిపూట, వెనకాముందూ చూడకుండా నమ్మాను.

మాది భీమడోలు. కొల్లేరు వైపు నాన్నగారు తవ్వించిన పెద్ద చేపల చెరువు ఉంది. జరిగింది అర్థం కావాలంటే ఆ చెరువు దగ్గర మేం పాటించే పద్ధతి ఒకటి ముందు చెప్పాలి.

చేపల మేత కోసం తవుడు బస్తాలకు చిల్లులు పెట్టి, పడవలో తీసుకెళ్ళి, నీళ్ళలో పాతిన కర్రలకు కడతాం. చలికాలం పొద్దున్నే మంచు కమ్మితే నడి చెరువులో ఉన్నవాడికి గట్టు ఎటుందో తెలియదు. అరిచి లాభం లేదు, చుట్టుపక్కల చెరువుల్లో అందరూ అరుస్తూనే ఉంటారు. అందుకని నాన్నగారు ఒక గుర్తు పెట్టారు. పడవలో ఉన్నవాడు గెడకర్రతో పడవ అంచు మీద రెండు దెబ్బలు కొట్టి ఆగాలి. గట్టు మీద ఉన్నవాళ్ళు కర్ర మీద కర్రతో మూడు కొట్టాలి. రెండుకి మూడు వినిపిస్తే అది మన గట్టే, అటు పోనివ్వవచ్చు. ఈ సంగతి పక్క చెరువులవాళ్ళకు కూడా తెలియదు. నాన్నగారు పోయాక గట్టు మీద నిలబడి నాకు మూడు కొట్టేది పద్మే.

మొన్నటి చలికాలంలో మా బావమరిది వాసు మమ్మల్ని కొండ ఎక్కిస్తానని పట్టుబట్టాడు. వాడు తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. సెలవు దొరికితే చాలు, సంచీ తగిలించుకుని కొండలకు పోతాడు. "బావగారూ, మీరు పుట్టి బుద్ధెరిగాక చెరువుగట్టు కన్నా ఎత్తైనది ఎక్కారా అసలు?" అని ఎగతాళి చేశాడు. నిజమే, ఎక్కలేదు.

పాపికొండల అడవిలో ఒక కొండ అది. పేరు రాయను. పైనుంచి గోదావరి రెండు కొండల మధ్య మలుపు తిరగడం కనిపిస్తుందన్నాడు. ముందురోజు సాయంత్రం కారులో జంగారెడ్డిగూడెం చేరి లాడ్జిలో పడుకున్నాం. పొద్దున ఆరున్నరకు అడవి గేటు దగ్గర టిక్కెట్లు తీసుకున్నాం. అక్కడి పుస్తకంలో ఆ రోజు మావే మొదటి పేర్లు. ఇది గమనించి మరీ గుర్తుపెట్టుకున్నాను. తలా ఒక చేతికర్రా, దారి చూపించడానికి గంగరాజు అనే స్థానికుణ్ణీ ఇచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ.

అతని మీద నాకు మొదటి పది నిమిషాల్లోనే అనుమానం వచ్చింది. గేటు దగ్గర బోర్డు మీద గీసిన దారి ఒకటి, అతను తీసుకెళ్తున్న దారి ఇంకొకటి. ఆ బోర్డు నేను ముందే ఫోనులో ఫొటో తీశాను. అడిగితే, "ఆ దారి వానలకి కొట్టుకుపోయిందండి" అన్నాడు. సరేనన్నానేగానీ నమ్మలేదు. దారి పొడుగునా వాసు, అతను ముందు నడుస్తూ తగ్గు గొంతుతో ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరకు వెళ్తే ఆపేస్తున్నారు.

మూడొంతులు ఎక్కాక ఒక వాగు దాటుతుంటే వాసు కాలు మడతపడింది. గంగరాజు ఏదో ఆకు నలిపి కట్టు కడుతూ మాతో, "మీరు పోతూ ఉండండి బాబుగారూ. ఒకటే దారి. పైన పెద్ద బండ ఉంటది, అక్కడ కూకోండి. మంచొస్తే మాత్రం కదలమాకండి" అన్నాడు.

పైకి చేరేసరికి ఎండ లేదు, గోదావరీ లేదు. కింద లోయ నిండా తెల్లగా మంచు. బండ మీద కూర్చున్నాం. నా నోరు ఊరుకోలేదు. వాసు కాలు నిజంగా మడతపడిందో లేదో, వాళ్ళిద్దరూ కలిసి మనల్ని ఇక్కడికి ఒంటరిగా ఎందుకు పంపారో అని మొదలుపెట్టాను.

పద్మ మొహం ఎర్రబడింది. "మీరు నా తమ్ముణ్ణీ నమ్మరు, కట్టు కడుతున్న మనిషినీ నమ్మరు. రేపు నన్నూ నమ్మరు" అంది.

"నిన్ను మాత్రం ఎందుకు నమ్మాలి?" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆవిడ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని మొహం తిప్పుకుంది. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. బోర్డు మీద ఉన్న అసలు దారేదో నేనే కనిపెడతానని లేచి వెళ్ళిపోయాను.

ఓ వంద గజాలు నడిచి ఉంటాను. మంచు కిందనుంచి పైకి వచ్చింది. మా వైపు మంచు నీళ్ళ మీద పాకుతూ వస్తుంది, తెలుస్తుంది. ఇది అలా కాదు, నాలుగు అడుగులు వేసేలోపు నా చెయ్యి నాకు కనపడలేదు. వెనక్కి తిరిగాననుకున్నాను. ఎటు తిరిగానో తెలియదు.

"పద్మా!" అని అరిచాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. లేదు. కోపంలో లేచి ఎటైనా నడిచిందేమోనని అప్పుడు అనిపించింది. ఆవిడకు కొండ అంచు తెలియదు, నాకు తెలియనట్టే. నిన్ను ఎందుకు నమ్మాలి అన్నదే నేను ఆవిడతో అన్న ఆఖరు మాట.

చేతికి ఒక ఎండిన మాను తగిలింది. ఏం ఆలోచించానో చెప్పలేను. కర్ర ఎత్తి రెండు దెబ్బలు కొట్టి ఆగాను.

ముందువైపు నుంచి మూడు వినిపించాయి.

కర్ర మీద కర్ర చప్పుడు. గట్టు మీద పద్మ ఎలా కొడుతుందో అలాగే, రెండు దెబ్బలు దగ్గరగా, మూడోది కాస్త ఆగి. అలా కొట్టడం ఆవిడకే అలవాటు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వస్తున్నా" అంటూ అటు నడిచాను.

కొంచెం దూరం పోయి ఇంకో చెట్టు మీద మళ్ళీ రెండు కొట్టాను. మళ్ళీ మూడు, ఈసారి దగ్గరగా. నాకిక ఏ అనుమానమూ రాలేదు. కాళ్ళ కింద నేల చదునుగా, సన్నగా ఉంది. రెండువైపులా కాళ్ళకు గడ్డి తగులుతోంది, గడ్డి అవతల తెల్లగా పరుచుకుని మంచు. అచ్చం చెరువుగట్టే. నా కాళ్ళు అలాగే అనుకున్నాయి. గట్టు మీద పెరిగినవాడు కిందికి చూసి నడవడు. జారితే మోకాలి లోతు బురద, అంతేగదా. బారలు వేసుకుంటూ పోయాను. ఒక బండ మీద మూడోసారి రెండు కొట్టాను.

మూడు దెబ్బలు పది అడుగుల్లో పలికాయి.

అడుగు ఎత్తాను. "ఏవండీ! ఆగండి! ఏవండీ!" అని పద్మ గొంతు వెనకనుంచి వచ్చింది. ముందునుంచి కాదు, వెనకనుంచి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అలా అరవగా నేను వినలేదు.

ఆగిపోయాను. అప్పటికే మంచు కాస్త పలచబడి ఉంది. నాకు బారెడు దూరంలో గడ్డి అయిపోయింది. అవతల ఏమీ లేదు. ఎక్కడో కింద టేకు చెట్ల తలలు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి. పది అడుగుల్లో కర్ర పట్టుకుని నిలబడడానికి మనిషికి కాదు గదా, కాకికి కూడా చోటు లేదు. అక్కడే కూలబడ్డాను. పద్మ పాక్కుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుంది.

కిందికి దిగాక నా బుద్ధి తిరిగి పనిచేసింది. మొదట గంగరాజును అనుమానించాను. కానీ అతను వాసు పక్కనుంచి కదలలేదు. వాసు కాలక్షేపానికి తీసిన వీడియోలు టైముతో సహా ఉన్నాయి, అన్నింట్లోనూ అతనున్నాడు. వడ్రంగిపిట్ట అనుకుందామంటే, పిట్ట మూడు దగ్గర ప్రతిసారీ ఆగదు. కొండ ప్రతిధ్వని అయితే నేను కొట్టిన రెండుకి రెండే రావాలి.

కారెక్కాక పద్మ చెయ్యి పట్టుకుని అడిగాను. "నువ్వు కొట్టావు గదా? నువ్వు కొట్టబట్టే గదా నీ దగ్గరికి వద్దామని నడిచాను."

ఆవిడ మా చేతుల వంక చూసి, "నేనే కొట్టానండీ. మూడు" అంది.

దాంతో నా మనసు కుదుటపడింది. అంతకుముందు కొండ దిగేటప్పుడు గంగరాజు అన్న మాట కూడా దానికి సరిపోయింది. "మంచులో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట పలుకుద్దండి. ఎదురు కొండ తిప్పికొడతది." పద్మ వెనక కొట్టింది, ఎదురు కొండ మీద పడి నాకు ముందునుంచి వినిపించింది. అయిపోయింది. దెబ్బలు ప్రతిసారీ దగ్గరగా ఎలా వచ్చాయన్నది మాత్రం కుదరలేదు. భయంలో అలా అనిపించి ఉంటుందని సరిపెట్టుకున్నాను. భీమడోలులోనూ ఏలూరులోనూ పాతికమందికి ఇదే చెప్పి, దయ్యాలు లేవని నిరూపించాను కూడా.

ఎండలు ముదిరాక ఒక రోజు డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాం. నేను చీర పరిచి అంచుల మీద రాళ్ళు పెడుతున్నాను. పద్మ చేతినిండా పిండితో, తల ఎత్తకుండా, "ఆ రోజు నేను కొట్టలేదండీ" అంది.

ఏ రోజని అడగలేదు. తెలిసిపోయింది.

"మీరు అరవడం విన్నాను. మీ రెండు దెబ్బలూ విన్నాను. మూడుసార్లూ విన్నాను. కర్ర నా ఒళ్ళోనే ఉంది. ఎందుకు నమ్మాలి అన్నారు గదా, తిరగనీ కాసేపు అనుకున్నాను. మంచు పలచబడ్డాక చూస్తే మీరు అంచు మీదికి పోతున్నారు."

"మరి ఆ మూడు?"

"నాకు మీ రెండు తప్ప ఏమీ వినపడలేదండీ."

"మరి కారులో ఎందుకలా చెప్పావు?"

"నువ్వు కొట్టబట్టే వచ్చాను అని చెయ్యి పట్టుకున్నారు. కొట్టలేదని ఎలా చెప్పను? నా కోపానికి మీరు పోయేవారు" అని, పిండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ మాట అన్నవాణ్ణి నేను. తప్పు నాదేనన్నాను. బండ మీదే అనవలసింది.

ఆ చప్పుడేమిటో నాకు తెలియదు. మూడోది కాస్త ఆగి కొట్టడం దానికి ఎలా తెలిసిందో అంతకన్నా తెలియదు. ఇన్నాళ్ళూ ఎవరు ఏం చెప్పినా అందులో అబద్ధం కోసం వెతికాను. పద్మ చెప్పిన ఈ ఒక్కటీ అబద్ధమైతే బాగుండునని రోజూ వెతుకుతున్నాను. ఎంత వెతికినా ఆవిడ నిజమే చెబుతోంది.